ఘంటసాల వెంకటేశ్వరరావు

ఈ వ్యాసం గాయకుడు, సంగీత దర్శకుడు ఘంటసాల గురించి. కృష్ణా జిల్లాలో ఇదే పేరుతో ఉన్న గ్రామం ఒక ప్రాచీన బౌద్ధక్షేత్రం.

ఘంటసాల వెంకటేశ్వరరావు (డిసెంబర్ 4, 1922 - ఫిబ్రవరి 11, 1974) తెలుగు సినిమా నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు. తెలుగువారికి ఇంటిపేరుతోనే సుపరిచితుడు. 1940వ దశకం మధ్య నుండి మరణించేవరకు, సుమారు మూడు దశాబ్దాల పాటు, తెలుగు చిత్రాలలో కథానాయకుల గొంతు ఆయనదే. అయితే ఘంటసాల కీర్తికి సినిమా పాట ఒక్కటే ఆధారం కాదు. సినిమాతో సంబంధం లేకుండా ఆయన ఒక్కడే పాడి విడుదల చేసిన రికార్డులు, ముఖ్యంగా "పుష్పవిలాపం", "కుంతీకుమారి", చివరిగా "భగవద్గీత", ఆయనను సినిమాలు చూడనివారి ఇళ్ళకు కూడా చేర్చాయి. అప్పటివరకు పుస్తకంలోను, నాటకరంగం మీద మాత్రమే ఉన్న తెలుగు పద్యాన్ని సామాన్యుడు కూనిరాగం తీసే పాటగా మార్చినది ఈ రికార్డులే.

బాల్యం

ఘంటసాల కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించాడు. తండ్రి సూరయ్య, తల్లి రత్తమ్మ. సూరయ్య మృదంగం వాయించేవాడు, భజనలు చేసేవాడు, నారాయణ తీర్థుల తరంగాలు పాడేవాడు. భజనలకు వెళ్ళినప్పుడు కుమారుని కూడా భుజాలమీద ఎక్కించుకొని తీసుకువెళ్ళేవాడు. తండ్రి పాడుతూ ఉంటే బాలుడు తరంగాలకు నాట్యం చేసేవాడు. ఆ నాట్యం చూసి ముచ్చటపడినవారు అతనిని బాలభరతుడని పిలిచేవారు.

ఘంటసాలకు పదకొండేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. సంగీతం గొప్ప విద్య అనీ, దానిని నేర్చుకొని గొప్ప విద్వాంసుడవు కావాలనీ తండ్రి చివరి రోజులలో కోరిన కోరిక అతని మనసులో నిలిచిపోయింది. కుటుంబానికి మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య అండగా నిలిచాడు. ఆ రోజులలో ఒక కచేరీలో పెద్ద విద్వాంసులతో పోటీపడి పాడబోయి ఘంటసాల నవ్వులపాలయ్యాడు. ఆ అవమానం వల్ల శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదల పెరిగింది. కొంతకాలం సంగీత విద్వాంసుల ఇళ్ళలో పనులు చేస్తూ నేర్చుకోవడానికి ప్రయత్నించాడు. కాని అక్కడ పని దొరికినంతగా పాఠం దొరకలేదు.

విజయనగరంలో విద్యాభ్యాసం

అప్పట్లో ఆంధ్రదేశంలో సంగీత విద్యకు పేరుపొందిన సంస్థ విజయనగరంలోని మహారాజావారి సంగీత కళాశాల. అక్కడ చేరాలన్న కోరికతో ఘంటసాల తన వేలికి ఉన్న ఉంగరాన్ని అమ్మి, ఆ డబ్బుతో విజయనగరం చేరాడు. అప్పటికి కళాశాలకు వేసవి సెలవులు. అతనికి ఆ ఊరిలో తెలిసినవారు లేరు, చేతిలో డబ్బు కూడా లేదు. వారాలు చేసుకొని, అంటే రోజుకొక ఇంట భోజనం చేస్తూ, కొన్నాళ్ళు గడిపాడు.

ఆ దశలో అతనిని ఆదుకొన్న వ్యక్తి పట్రాయని సీతారామశాస్త్రి. కళాశాలలో గాత్రం బోధించే శాస్త్రి తన ఇంట ఉచితంగా సంగీతం నేర్పాడు. అయితే ఆయన కూడా పేదవాడే కనుక భోజనం పెట్టగల స్థితి లేదు. ఘంటసాల జోలె కట్టుకొని ఇంటింటికీ తిరిగి మధుకరం ఎత్తేవాడు. మధుకరం అంటే విద్యార్థి నాలుగు ఇళ్ళలో అడిగి తెచ్చుకొనే అన్నం. ఆ విధంగా కాలం గడుపుతూ గాత్రంలో శిక్షణ పూర్తిచేసి ఉత్తీర్ణుడయ్యాడు. ఆ కాలంలో కళాశాల అధ్యక్షుడు ప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు.

సీతారామశాస్త్రి బోధనలో సాహిత్యానికి ప్రాధాన్యం ఎక్కువ. రాగం మాటను మింగివేయకూడదన్న పద్ధతి ఘంటసాలకు అక్కడే అలవడింది. తరువాతి కాలంలో ఆయన గానంలో ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించడానికి ఇదే పునాది. గురువుపట్ల కృతజ్ఞత ఆయన జీవితాంతం నిలుపుకొన్నాడు. సీతారామశాస్త్రి కుమారుడు పట్రాయని సంగీతరావు తరువాత మద్రాసులో ఘంటసాలకు సంగీత సహాయకుడుగా, హార్మోనియం వాద్యకారుడుగా చాలాకాలం పనిచేశాడు.

స్వాతంత్ర్యోద్యమం, వివాహం

చదువు ముగించుకొని స్వగ్రామం చేరిన ఘంటసాల కచేరీలు చేస్తూ, పిల్లలకు సంగీతం నేర్పుతూ ఉండేవాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం మొదలయ్యాక ఊరూరా తిరిగి దేశభక్తి గీతాలు పాడాడు. ఫలితంగా అరెస్టయి, బళ్ళారిలోని అలీపూర్ జైలులో పద్దెనిమిది నెలలు శిక్ష అనుభవించాడు.

విడుదలైన తరువాత 1944 మార్చి 4న సావిత్రితో వివాహం జరిగింది. పెళ్ళిలో సంగీత కచేరీ పెట్టించడం అప్పటి ఆచారం. ఘంటసాల తన పెళ్ళికి తానే కచేరీ చేశాడు.

సావిత్రి కుటుంబం గుంటూరు జిల్లాలోని (ప్రస్తుతం బాపట్ల జిల్లా) పెదపులివర్రుకు చెందినది. సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యది కూడా అదే ఊరు. అక్కడ ఘంటసాల గాత్రం విన్న సముద్రాల మద్రాసుకు వచ్చి సినిమాలలో ప్రయత్నించమని ప్రోత్సహించాడు.

మద్రాసు జీవితం - తిరస్కరణ

మద్రాసు చేరిన ఘంటసాల మొదట సముద్రాల ఇంటిలో ఉన్నాడు. ఆ ఇల్లు చాలా ఇరుకు. ఆ కుటుంబాన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక పగలు అవకాశాలకోసం తిరిగి, రాత్రులు త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కులో నిద్రించేవాడు.

అప్పట్లో గాయకునికి గుర్తింపు తెచ్చే మార్గాలు మూడు: ఆకాశవాణి, గ్రామఫోను కంపెనీ, సినిమా. సముద్రాల సాయంతో మద్రాసు ఆకాశవాణిలో పాడే అవకాశాలు వచ్చాయి. గ్రామఫోను రంగంలో మాత్రం మొదట ఎదురుదెబ్బ తగిలింది. కుక్క బొమ్మ గుర్తుతో ఇంటింటా తెలిసిన హిజ్ మాస్టర్స్ వాయిస్ కంపెనీవారు అతని గొంతు రికార్డుకు పనికిరాదని తిరస్కరించారు. తరువాత ఆ కంపెనీలో పనిచేసిన పేకేటి శివరాం చొరవతో అతని పాట రికార్డయింది. పేకేటి ఆ తరువాత సినీ నటుడుగా పేరు తెచ్చుకొన్నాడు. ఒకసారి కాదన్న కంపెనీయే తరువాత మూడు దశాబ్దాల పాటు ఘంటసాల రికార్డులను విడుదల చేసింది.

సినిమా రంగం

1944లో వచ్చిన "సీతారామ జననం"లో ఘంటసాల బృందగానంలో పాడి, చిన్న వేషాలు కూడా వేశాడు. బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో 1945లో విడుదలైన "స్వర్గసీమ"లో భానుమతితో కలిసి పాడాడు. 1948లో వచ్చిన "బాలరాజు"లో అక్కినేని నాగేశ్వరరావుకు నేపథ్యగానం అందించాడు. అంతకుముందు అక్కినేని తన పాటలు తానే పాడుకొనేవాడు. ఆ చిత్ర నిర్మాత, దర్శకుడు ఘంటసాల బలరామయ్యకు, గాయకునికి ఇంటిపేరు ఒకటే.

1949లో విడుదలైన "కీలుగుర్రం", "మనదేశం" చిత్రాలతో సంగీత దర్శకుడుగా స్థిరపడ్డాడు. "మనదేశం" నందమూరి తారక రామారావు నటించిన మొదటి చిత్రం. ఆ తరువాత "పాతాళభైరవి" (1951), "పెళ్ళిచేసి చూడు" (1952), "మాయాబజార్" (1957), "గుండమ్మకథ" (1962), "లవకుశ" (1963) మొదలైన చిత్రాలకు సంగీతం సమకూర్చాడు. "మాయాబజార్"లో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు కూర్చగా, మిగిలిన సంగీతాన్ని ఘంటసాల పూర్తిచేశాడు.

ఇతర సంగీత దర్శకుల చిత్రాలలో కూడా ఆయన ప్రధాన గాయకుడు. సి.ఆర్.సుబ్బరామన్ సంగీతంలో "దేవదాసు" (1953), పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో "జయభేరి" (1959), "జగదేకవీరుని కథ" (1961) వీటిలో ముఖ్యమైనవి. "శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం" (1960)లో స్వయంగా తెరమీద గాయకుడుగా కనిపించాడు. అక్కినేనికి, ఎన్.టి.రామారావుకు పాడినప్పుడు వారివారి మాటతీరుకు తగినట్లు గొంతును మలచుకొని పాడేవాడు.

చిత్ర నిర్మాణంలో మాత్రం ఆయనకు కలిసిరాలేదు. నిర్మాతగా తీసిన "పరోపకారం" (1953), "సొంతవూరు" (1956), "భక్త రఘునాథ్" (1960) చిత్రాలు ఆర్థికంగా విజయం సాధించలేదు.

ప్రైవేటు రికార్డులు

సినిమాకోసం కాక విడిగా పాడి విడుదల చేసిన పాటలను తెలుగువారు ప్రైవేటు రికార్డులు అంటారు. పాశ్చాత్య దేశాలలో దీనికి దగ్గరైనది సింగిల్. అక్కడి రాక్ బృందాలలోని గాయకులు బృందానికి వెలుపల సొంత పేరుతో ఒక్క పాటను రికార్డుగా ఇవ్వడం పరిపాటి. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక 1940 నుండి, బ్రిటన్‌లో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రిక 1952 నుండి ఎక్కువగా అమ్ముడైన రికార్డుల పట్టికలు ప్రకటించాయి. తెలుగునాట అటువంటి పట్టిక లేదు. ఒక రికార్డు ప్రజాదరణకు కొలమానం దానిని ఎంతమంది కంఠస్థం చేశారన్నదే.

ఆ కాలపు గ్రామఫోను రికార్డు లక్కతో చేసిన పళ్ళెం. నిమిషానికి 78 సార్లు తిరిగేది. పది అంగుళాల రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. మద్రాసులో పాడిన పాటలు కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ కర్మాగారంలో రికార్డులుగా తయారై వచ్చేవి. గ్రామఫోను కొనగలిగినవారు తక్కువే. కాని ఒక ఇంట మోగితే వీధి అంతా వినేది. 1948 డిసెంబర్ 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమయ్యాక కోస్తా ఆంధ్రలో రేడియో శ్రోతల సంఖ్య కూడా పెరిగింది.

పుష్పవిలాపం, కుంతీకుమారి

ఘంటసాల ప్రైవేటు రికార్డులలో అత్యంత ప్రసిద్ధమైనది "పుష్పవిలాపం". దీని రచయిత "కరుణశ్రీ"గా ప్రసిద్ధుడైన జంధ్యాల పాపయ్యశాస్త్రి. ఆయన 1912లో గుంటూరు జిల్లా కొమ్మూరులో జన్మించాడు, గుంటూరులో తెలుగు అధ్యాపకుడుగా పనిచేశాడు. "పుష్పవిలాపం" ఆయన "ఉదయశ్రీ" పద్య సంపుటిలోని ఖండిక. ఉదయాన్నే పూజకోసం పూలు కోయడానికి తోటకు వెళ్ళిన వ్యక్తితో పువ్వులు మాట్లాడతాయి. తల్లి ఒడిలాంటి కొమ్మనుండి తమను తెంచి, సూదులతో గుచ్చి, నలిపివేసే మానవుని నిర్దయను ప్రశ్నిస్తాయి. అతడు పూలు కోయలేక ఖాళీ చేతులతో తిరిగివస్తాడు.

"కుంతీకుమారి" కూడా కరుణశ్రీ రచనే. పెళ్ళికాని తల్లి అయిన కుంతి, నిందకు భయపడి, పసివాడైన కర్ణుని నదిలో విడిచిపెట్టే సన్నివేశం దీని వస్తువు.

ఈ రెండింటిలోను ఘంటసాల పద్యాలను పాడుతూ, మధ్యలో చిన్న వచన వాక్యాలతో కథను నడిపాడు. దీనివలన పద్యానికి అర్థం విడిగా చెప్పవలసిన అవసరం లేకపోయింది. చదువు రానివారికి కూడా విషయం బోధపడింది. విన్నవారిలో చాలామంది ఈ పద్యాలను పుస్తకం చూడకుండానే నేర్చుకొన్నారు. పాఠశాలల పద్యపఠన పోటీలలో దశాబ్దాల తరబడి పిల్లలు వీటిని ఘంటసాల బాణీలోనే పాడారు. కవిగా అప్పటికే పేరున్న కరుణశ్రీకి ఈ రికార్డులతో ఇంటింటా గుర్తింపు లభించింది.

పద్యగానంలో మార్పు

ఘంటసాలకు ముందు పద్యం అంటే ప్రధానంగా నాటకరంగ పద్యం. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు ఊరూరా ఆడేవారు. మైకు లేని రోజులలో చివరి వరుసవరకు వినిపించడానికి నటులు హెచ్చు శ్రుతిలో పాడేవారు. పద్యం చివర దీర్ఘమైన రాగాలాపన చేసేవారు. ప్రేక్షకులు మెచ్చి "వన్స్‌మోర్" అంటే అదే పద్యం మళ్ళీ పాడేవారు. ఈ పద్ధతికి తనదైన అందం ఉన్నా, రాగం సాగినకొద్దీ భావం వెనుకబడేది.

మైక్రోఫోను ముందు పాడేవానికి గొంతు చించుకోవలసిన అవసరం లేదు. మూడు నిమిషాల రికార్డులో దీర్ఘాలాపనకు చోటు కూడా లేదు. ఘంటసాల ఈ రెండు పరిమితులను అనుకూలంగా మార్చుకొన్నాడు. రాగాన్ని క్లుప్తం చేసి, సమాసాలను అర్థవంతంగా విరిచి, దుఃఖమున్నచోట గొంతు తగ్గించి పాడాడు. ఛందస్సు నడక చెడకుండానే మాట్లాడుతున్నట్లు పద్యం చెప్పడం ఆయన ప్రత్యేకత. విజయనగరంలో గురువు వద్ద నేర్చిన సాహిత్య ప్రాధాన్యం ఇక్కడ ఉపయోగపడింది. పౌరాణిక చిత్రాలలో ఎన్.టి.రామారావు పాత్రలకు పాడిన పద్యాలలో కూడా ఇదే పద్ధతి కనిపిస్తుంది. తరువాత వచ్చిన సినీ గాయకులు పద్యం విషయంలో ఎక్కువగా ఈ బాణీనే అనుసరించారు.

జాషువా పద్యాలు

ఘంటసాల ఎంచుకొన్న కవులలో మరొక ముఖ్యుడు గుర్రం జాషువా (1895-1971). జాషువా పల్నాటి ప్రాంతంలోని వినుకొండలో జన్మించాడు. వినుకొండ 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఉంది. కులవివక్షను చిన్ననాటి నుండి అనుభవించిన ఈ కవి, పద్యాన్ని ఆయుధంగా చేసుకొని "గబ్బిలం" వంటి కావ్యాలు రచించాడు. ఆయన "శిశువు" ఖండికలోని పద్యాలను ఘంటసాల పాడాడు. ఇవి పాపాయి పద్యాలుగా ప్రసిద్ధమయ్యాయి. పసిబిడ్డ లోకంలోకి అతిథిగా వచ్చినట్లు వర్ణించే ఈ పద్యాలలో కరుణశ్రీ పద్యాలలోని శోకం లేదు. ఘంటసాల వీటిని లాలిత్యంతో, ముద్దుగా పాడాడు.

వీటితో పాటు దేశభక్తి గీతాలు, వేంకటేశ్వరుని మీద భక్తిగీతాలు, లలితగీతాలు అనేకం ప్రైవేటు రికార్డులుగా వచ్చాయి.

పురస్కారాలు, విదేశీ పర్యటన

1970లో భారత ప్రభుత్వం ఘంటసాలకు పద్మశ్రీ పురస్కారం అందజేసింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన విద్వాంసునిగా గౌరవించింది. 1971లో యూరప్, అమెరికాలలో పర్యటించి కచేరీలు చేశాడు. విదేశాలలో స్థిరపడుతున్న తొలితరం తెలుగువారు ఆ కచేరీలలో సినిమా పాటలతో పాటు పద్యాలు కూడా విన్నారు.

భగవద్గీత, మరణం

ఘంటసాల అప్పటికే చక్కెర వ్యాధితో బాధపడుతున్నాడు. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి రావడంతో ఆసుపత్రిలో చేరాడు. పాడితే ఆయాసం ఎక్కువవుతుందని వైద్యులు హెచ్చరించినా పాడటం పూర్తిగా మానలేదు.

ఆ దశలో చేపట్టిన పని "భగవద్గీత". ఏడువందల శ్లోకాల గీతనుండి ఎంపిక చేసిన శ్లోకాలను వివిధ రాగాలలో పాడి, ఒక్కొక్క శ్లోకం వెంట తెలుగు తాత్పర్యాన్ని స్వయంగా చదివాడు. పద్యం, వెంటనే వచనం అన్న "పుష్పవిలాపం" పద్ధతినే ఇక్కడ మరింత విస్తారంగా పాటించాడని చెప్పవచ్చు. అప్పటికి లాంగ్‌ప్లే రికార్డులు రావడంతో మూడు నిమిషాల పరిమితి కూడా తొలగిపోయింది. గొంతులో వయసు, అనారోగ్యం వినిపిస్తాయి. కాని వేగం లేని ఆ గంభీరత గీతకు సరిగ్గా సరిపోయింది.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల మద్రాసులో మరణించాడు. అప్పటికి వయసు 51 సంవత్సరాలు. "భగవద్గీత" రికార్డు ఆయన మరణానంతరం విడుదలయింది. అదే సంవత్సరం మే నెలలో విడుదలైన "అల్లూరి సీతారామరాజు" చిత్రంలో ఆయన పాడిన శ్రీశ్రీ గీతానికి ఉత్తమ గీతరచయితగా శ్రీశ్రీకి జాతీయ పురస్కారం లభించింది.

స్మృతి చిహ్నాలు

విజయవాడలోని ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలకు ఘంటసాల పేరు పెట్టారు. 2003 ఫిబ్రవరి 11న భారత తపాలా శాఖ ఆయన స్మారకార్థం తపాలా బిళ్ళ విడుదల చేసింది. తెలుగువారు ఉన్న పలు నగరాలలో ఏటా ఘంటసాల ఆరాధనోత్సవాలు జరుగుతాయి. సాధారణంగా ఆరాధన అన్న మాట త్యాగరాజు వంటి వాగ్గేయకారులకు వాడతారు. ఒక సినీ గాయకునికి ఆ మాట వాడటం అరుదు.

లక్క రికార్డుల తరువాత లాంగ్‌ప్లే, క్యాసెట్, సీడీ, ఇంటర్నెట్ వచ్చాయి. ప్రతి మార్పులోను "పుష్పవిలాపం", "భగవద్గీత" మళ్ళీ విడుదలయ్యాయి. దేవాలయాలలో తెల్లవారుజామున మైకులో ఘంటసాల "భగవద్గీత" వినిపించడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలలో సాధారణం. ఎవరైనా మరణించిన ఇంటిముందు, అంతిమయాత్ర వాహనంలో కూడా ఇదే రికార్డు వేస్తారు. రికార్డుకు పనికిరాదని ఒకప్పుడు తిరస్కరణకు గురైన గొంతు ఈ విధంగా తెలుగువారి ఉదయానికి, అంతిమయాత్రకు కూడా తోడుగా నిలిచింది.